కాలర్ లోపలి లినెన్ ముక్క

ఒక జానెడు గుడ్డముక్క ఇన్నేళ్లుగా నా గుండె మీద బేతంచెర్ల బండలా ఉంది. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి చెబుతున్నాను.

కర్నూలులో ఒక యూదుల బట్టలంగడి ఉండేది. పత్తి వ్యాపారానికని వాళ్ల పెద్దలు బొంబాయి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. శనివారం అంగడి తెరిచేవాళ్లు కాదు. అరుగు మీద కుట్టుమిషన్ నాది. అందరూ షేట్ అని పిలిచే పెద్దాయనకు ఒకటే పట్టింపు. ఉన్నీ, అవిసెనారతో నేసే లినెన్ ఒకే బట్టలో కలవకూడదు, నూలైతే పర్వాలేదు. వాళ్ల ధర్మం అది. అమ్మడానికి రెండూ అమ్మేవాడు. ఇంట్లోవాళ్లు తొడుక్కునేదైతే మాత్రం కాలర్ దగ్గర నాలుగు కుట్లు విప్పి, లోపల ఏం వేశానో చూశాకే తీసుకునేవాడు.

కొడుకు పెళ్లికని ఆయనకు ఉన్నికోటు కుట్టాను. కాలర్ నిలబడటానికి లోపల వేసే నూలు కాన్వాస్ అయిపోయింది. తెల్లారితే పెళ్లి. ఎవరిదో మిగిలిన లినెన్ ముక్క చేతికి తగిలింది. ఆయన విప్పి చూస్తాడని తెలిసే వేశాను. తిట్లు తిందాంలే అనుకున్నానా, అలసటలో ఏమీ అనుకోలేదా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

షేట్ బ్లేడు తీశాడు. “ఏమప్పా, లోపల అంతా నూలే గదా?”

“నూలే షేట్.”

“నువ్వు చెప్తే సాలు. ఇప్పి చూసే పనేముండాది ఇంక.”

బ్లేడు జేబులో పెట్టుకున్నాడు. అంతే.

ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ కోటు వేసుకునే ప్రార్థనకు కూర్చునేవాడు, ఎండాకాలంలో కూడా. నేను కనబడితే కాలర్ తడిమి నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఆయన పోయాడు. శుక్రవారం పొద్దుగూకితే ఆ చెయ్యి కాలర్ తడుముతూ నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. భయమేస్తుంది.

మొన్న ఆయన మనవరాలు వచ్చింది. అంగడి చరిత్ర పుస్తకంగా రాస్తోందట. తమ్ముడి పెళ్లికి ఆ కోటే సరిచేయమని ఇచ్చింది.

“నీ కుట్టు ఇప్పి చూడాల్సిన పని లేదనేవాడు మా జేజినాయన. అదే రాస్తాండా తాతా.”

తల ఊపాను. మళ్లీ అదే అబద్ధం, చూశారా?

ఈరోజు కాలర్ విప్పాను. లినెన్ ముక్క చెక్కుచెదరలేదు. కొత్త నూలు కాన్వాస్ పక్కనే ఉంది. మార్చి కుట్టేస్తే ఎవరికీ తెలియదు. సూదిలో దారం కూడా ఎక్కించాను.

కుట్టలేదు. కాలర్ విప్పింది విప్పినట్టే ఉంచి కోటు మడతపెట్టాను. రేపు ఆ అమ్మాయి వస్తుంది. ఆ ముక్క వేసింది నేనేనని ముందు నేనే చెబుతాను.