నాన్న విన్న ఇంగ్లీషు సినిమాలు

మా నాన్న గుడివాడలో ఒక సినిమా హాల్లో ఆపరేటరు. పాతికేళ్లు ప్రొజెక్టరు నడిపాడు. ఆదివారం ఉదయం ఆటలకు వేసే పాత ఇంగ్లీషు సినిమాలంటే ఆయనకు ప్రాణం. ఇంగ్లీషు రాదు. బొమ్మ చూస్తే కథ తెలిసిపోతుందనేవాడు.

నేను ఇంటర్లో ఉండగా నీటికాసులు వచ్చి ఆయన చూపు తగ్గింది. పోయింది ఇక తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని విజయవాడలో డాక్టరు గారు చెప్పారు. ఆ ఉన్నదీ ఏడాదిలో పోయింది. హాలు వాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు.

నేను డిగ్రీలో చేరిన ఏడాది మా వీధికి కేబుల్ వచ్చింది. ఒక ఛానెల్లో మధ్యాహ్నాలు పాత హాలీవుడ్ సినిమాలు వేసేవారు. నాన్న టీవీకి మూరెడు దూరంలో కుర్చీ వేయించుకునేవాడు. నాకు క్లాసులు పొద్దుటిపూటే కాబట్టి, పక్కన కూర్చుని తెర మీద జరిగేది చెప్పడం నా పని.

"ఏం చేస్తున్నాడమ్మా?"

"రైలెక్కుతున్నాడు నాన్నా. ఆవిడ చెయ్యి ఊపుతోంది."

"ఆవిడ మొహం మీద వెలుగు ఎటునుంచి పడతంది?"

అలాంటివి నాకు తెలిసేవి కావు.

మొదట్లో ఇష్టంగానే చెప్పాను. పరీక్షలు దగ్గరపడ్డాక ఒళ్లో పుస్తకం పెట్టుకుని, తెర వంక చూడకుండా నోటికొచ్చింది చెప్పసాగాను. ఒకరోజు ఇద్దరూ తోటలో నడుస్తున్నారన్నాను. నాన్న చెవి టీవీ వైపు వంచాడు.

"తోటలో అడుగు అలా మోగదమ్మా. అవి చెక్క మెట్లు," అన్నాడు. తర్వాత మెల్లగా, "చదువుకో. నాకు వినపడతందిగా," అన్నాడు.

తలెత్తి చూశాను. మెట్లే.

మర్నాటి నుంచి ఆయన అడగలేదు. నేను చెప్పబోతే "ఉండనియ్యమ్మా" అనేవాడు.

పరీక్షలయ్యాక మళ్లీ చెబుదామనుకున్నాను. ఈలోగా కేబులతను ఆ ఛానెల్ తీసేసి పాటల ఛానెల్ పెట్టాడు. వెళ్లి బతిమాలాను.

"అయ్యి ఎవరు చూస్తారండీ? వీధి మొత్తానికి మీరొక్కరే అడుగుతున్నారు," అన్నాడతను.

ఇంటికొచ్చి చెబితే నాన్న టీవీ కట్టేయమన్నాడు. అంతే.

నాకు బందరులో ఉద్యోగం వచ్చాక ఆయన్ని తెచ్చుకున్నాను. అలాంటి పాత సినిమాల సీడీలు వెతికి కొన్నాను. ఈసారి కళ్లు తిప్పకుండా, కనిపించిందంతా చెప్పాను. పావుగంట విన్నాడు.

"గొంతు నొప్పెడద్ది, ఆపమ్మా," అన్నాడు.

నొప్పి లేదన్నాను. ఆయన అప్పటికే గోడవైపు తిరిగి పడుకున్నాడు. పోయేదాకా మళ్లీ టీవీ ముందు కూర్చోలేదు.