అలమర మీద ఆర్డిత్ చీటీలు

ఆర్డిత్ తాను చదవని పుస్తకాలను ఊరందరినీ చదవమంటుందని పియోరియా ఊళ్లో ఒక పుకారు. లైబ్రరీ గుమ్మం పక్కన ఊరివాళ్ల అలమర ఒకటుంది. నచ్చిన పుస్తకం కింద ఎవరైనా నాలుగు ముక్కలు రాసి చీటీ అతికించొచ్చు. బడి వంటశాలలో పనిచేసే ఆర్డిత్‌వి అక్కడ ముప్పై ఒక్క చీటీలు. "మొదట్లో విసుగు. ఓపిక పట్టండి, తర్వాత పొయ్యి మీద సూపు మాడినా లేవరు" అని రాస్తుంది. అయితే ఆమె పుస్తకం పట్టుకుని గుమ్మం దాటడం ఎవరూ చూడలేదు.

రిటైరైన మాస్టారు గ్లెన్ ఓ శనివారం ఆ అలమర దగ్గర అందరి ముందే ఆమెను నిలదీశాడు.

"ఏమ్మా, అట్టలు చూసి రాసేస్తున్నావా? అదే నిజమైతే నీ చీటీలన్నీ పీకించేస్తా."

ఆర్డిత్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ చీటీలు పోతే ఈ ఊళ్లో తన మాట వినేవాళ్లే ఉండరు.

"అడగండి మాస్టారూ," అంది మెల్లగా.

ఆయన ఆమె చీటీ ఉన్న ఒక లావుపాటి నవల లాగాడు. "ఇందులో పడవవాడు చివరికి ఏమవుతాడు?"

"చివరిదాకా ఉంటే కదండీ! నూట పదో పేజీలోనే పోయాడు. మీరు అక్కడిదాకా రాలేదేమో!"

జనం గొల్లుమన్నారు. గ్లెన్ ఆ పేజీ తీసి చూసి, నాలుక కరుచుకుని, ఆ నవల తన పేరనే రాయించుకున్నాడు. సాయంత్రానికి దానికోసం పందొమ్మిది మంది పేర్లిచ్చారు.

ఆ ముప్పై ఒక్కటీ ఆర్డిత్ లైబ్రరీలోనే చదివింది, రోజూ పని అయ్యాక, పిల్లల గదిలో పొట్టి కుర్చీ మీద కూర్చుని.