పూడిక తీయని ఊరు

తొలకరి పడగానే మట్టి వాసన అంటూ మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న బొంబాయి దాదర్‌లో మా తెలుగువాళ్ల సభ అయ్యాక వరండాలో నిలబడి వాన చూస్తుంటే, పక్కావిడ కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చి "ఎంత కమ్మగుందో" అంది. ఆమె తప్పేం లేదు. కానీ నాకు ఆ వాసనతోపాటు ఎర్రగా కారిపోయిన ఒక కొండా, దాని కింద ఊపిరాడక చచ్చిన ఒక ఏరూ గుర్తొచ్చాయి. గొడుగు తెరిచి వచ్చేశాను.

ఎనభైల మొదట్లో మేము కామాఠీపురాలో, ఫాక్‌లాండ్ రోడ్డు పక్కనే ఉన్న చాల్‌లో, అంటే వరస గదుల పాత మేడలో ఉండేవాళ్లం. ఒకటే గది, అమ్మ, నాయిన, నాయినను కన్న అవ్వ, నేను. శ్రావణం వచ్చిందంటే నల్లా దగ్గర కొట్లాటలు, గ్యాలరీ కటకటాల మీద ఎంతకీ ఆరని చీరలు, మూకుడుకు అంటుకుని మాడుతున్న సర్వపిండి వాసన, పొగాకు సంచి దిండు కింద దాచి మానేశానని అమ్మకు అబద్ధం చెప్పే అవ్వ, మేం గీసిన తొక్కుడుబిళ్ల గళ్లను గీసినట్టే కడిగేసే వాన. సెలవులొస్తే మాత్రం మా మకాం బోరివలి అవతలి కొండల కింద గుడిసెల్లోకి మారేది. అక్కడ బిల్డింగుల కోసం కొండను తవ్వేవాళ్లు. పాలమూరు కూలీల జట్టును నడిపించే ముకాదం నాయినే. తవ్విన మట్టినంతా ఏటి ఒడ్డున పోయడం వాళ్ల పని.

ఆ ఏరు చిన్నదే. కానీ నీళ్లు ఎంత తేటగా ఉండేవంటే అడుగున ఒక్కో గులకరాయి విడివిడిగా కనిపించేది. వాటి సందుల్లో పీతలు, రాళ్లను కరుచుకుని కదలకుండా ఉండే వేలెడు చేపలు. ఆ చేపలు పట్టి అమ్ముకుని బతికే ఆదివాసీ ముసలమ్మను మేమంతా మావశీ, అంటే పిన్ని అని పిలిచేవాళ్లం. చింతచిగురు వేసి అమ్మ వండిన ఆ చేపల పులుసును జొన్నరొట్టెతో తినని వేసవి నాకు వేసవే కాదు. ఒకరోజు మావశీ వచ్చి నాయినను నిలదీసింది.

"రాళ్లు బురదలో మునిగితే చేప గుడ్లెక్కడ పెడుతుంది, దాదా?" అని మరాఠీలో అడిగింది.

నాయిన నవ్వాడు. వచ్చీరాని మరాఠీలో ఆయన అన్నది మా ఇంటి మాటలో ఇది: "బురద గాదు మావశీ, ఒండ్రు. ఎండకాలమొస్తే తీస్తరు గద. పూడిక తియ్యని ఊరుంటదా?"

ఎగతాళికి అనలేదు ఆ మాట. మా పాలమూరులో ఎండలు ముదరగానే ఊరంతా చెరువులోకి దిగి ఒండ్రు తవ్వి, బండ్లమీద చేలకు తోలుకుంటారు. నీళ్లలో పడ్డ మన్ను మళ్లీ పొలానికే వస్తుందని నాయిన పుట్టినప్పటి నుంచీ చూసినదే. ఇంత పెద్ద బొంబాయిలో ఆ పని చేసే నాథుడే లేడని ఆయన ఎలా అనుకుంటాడు? ఆ ఏడు దీపావళి సెలవులకు మేం వెళ్లేసరికి మడుగులన్నీ పూడిపోయి ఉన్నాయి. మావశీ బుట్ట ఖాళీ. నాయిన మోచేతి దాకా బురదలో చెయ్యి పెట్టి కాసేపు రాయి కోసం దేవులాడి, "తప్పయింది మావశీ" అన్నాడు.

ఆ చలికాలమంతా, పని లేని రోజుల్లో, జట్టు జట్టంతా మడుగుల్లోని బురదను తట్టలతో ఎత్తి పోసింది. మట్టి కుప్పల కింద, ఏటి వాలు పొడవునా, ఊళ్లో చేలగట్లకు పేర్చినట్టే వట్టి రాళ్లు వరుసలుగా పేర్చారు. నీళ్లు సందుల్లోంచి పోవాలి, మన్ను వెనకే ఆగాలి. తొలివానకు అవ్వ ఆ వరుసల వెనక వావిలి కొమ్మలు గుచ్చింది. వేళ్లు మట్టిని పట్టుకుంటాయని. నిజంగానే పట్టుకున్నాయి. మరుసటి దీపావళికి మావశీ నన్ను కేకేసి పిలిచి, నీళ్లలో ఒక రాయి మెల్లగా తిప్పి చూపించింది. దాని కింద అగ్గిపుల్లంత పిల్లచేప. నేను గుడిసెల దాకా అరుచుకుంటూ పరిగెత్తాను.

కొండ ఇంకా మిగిలే ఉంది కదా, మట్టి పోయడానికి చోటు చాల్లేదు. లారీలు ఏటి దాకా దిగడానికి రాళ్లు అడ్డమని కాంట్రాక్టరు వాటిని తీసేయమన్నాడు. ఎవరిని? పేర్చినవాళ్లనే. తీయనివాళ్లకు రేపటి నుంచి పని లేదన్నాడు. నాయిన తట్ట విసిరికొట్టి స్టేషన్ వైపు నడిచాడు. ఆ జట్టులోనే కూలి చేసే అవ్వ కదల్లేదు.

"నువ్వు పో బిడ్డా. అందరం పోతే పొయ్యి ఎట్ల ముట్టిస్తం?" అని, తను గుచ్చిన వావిళ్లను తనే పీకింది. ఆ ముసలి చేతులతో ఆ పని చేయించినవాణ్ని నేను ఈరోజుకీ క్షమించలేదు. క్షమించను కూడా. ఇంకో వాన గడిచేసరికి మావశీ బుట్ట మూలన పడేసి, ఆ కొండ తవ్విన చోట లేచిన బిల్డింగులోనే అంట్లు తోమడానికి కుదిరింది.

ఇప్పుడు మా చాల్ లేదు, నాయిన లేడు, అవ్వ లేదు. మా పిల్లల్ని తిట్టాలన్నా మరాఠీలోనే తిట్టాలి, తెలుగులో తిడితే నవ్వుతారు. ఈమధ్య ఆ ఏటికి మళ్లీ ప్రాణం పోశారని విని, ఉండబట్టలేక చూడబోయాను. ప్రాణం పోయడమంటే రెండు పక్కలా సిమెంటు గోడలు, అడుగునా సిమెంటే. ఒక్క గులకరాయి లేదు, గడ్డిపోచ లేదు. నల్లటి నీళ్లు వాసన కొడుతున్నాయి. గోడల నిండా మాత్రం రంగురంగుల చేపల బొమ్మలు గీశారు. నీలి సముద్రాలు, ఎగిరే డాల్ఫిన్లు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూశాను. మా ఏటి చేప ఆ గోడ మీద కూడా లేదు. గీసినవాడు దాన్ని చూసి ఉంటే కదా!