పిల్లుల తండ్రులు తెలిసిన మామయ్య

మా మామయ్య ఏ పిల్లిని చూసినా దాని తల్లిదండ్రులెవరో చెప్పకుండా కదలడు.

రంగుల కొట్టులో ఆయన రంగులు కలుపుతాడు. నేను డబ్బాలకు చీటీలు అంటిస్తాను. గోడకు బూడిద రంగు కావాలని ఎవరైనా వస్తే, ముందు బూడిద రంగు పిల్లి గురించి వినాలి. అది నిజానికి నల్లపిల్లేనట, నలుపు పలచబడిందట. ఆ పలచదనం తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ కూడా రావాలట. ఈలోగా డబ్బాలో రంగు మీగడ కడుతుంది. ఒకాయన విని విని, సున్నం కొనుక్కుని వెళ్లిపోయాడు.

మూడు రంగుల పిల్లి ఎదురైతే, అల్లంత దూరం నుంచే ఆడదని తేల్చేస్తాడు. అందులో మగది వేలల్లో ఒకటట. ఇక నారింజ రంగు గండుపిల్లి కనపడిందా, పాఠమే. "మగపిల్లకు ఆ రంగు తల్లే ఇస్తుంది. తండ్రికి అందులో చెయ్యి లేదు." నిద్రలో లేపి అడిగినా నేను ఒప్పజెప్పగలను.

వీధిలో పిల్లులన్నిటి వంశమూ ఆయనకు నోటికొచ్చని, తన పుట్టినరోజు మాత్రం చీటీ రాసి అద్దానికి అంటించాల్సి వస్తోందని అత్తయ్య బాధ.

ఆ ఏడు మా మెట్ల కింద మూడు రంగుల పిల్లి ఈనింది. మూడు పిల్లలు. ఒకటి బూడిద, ఒకటి నారింజ, ఒకటి నలుపు. అవి పాలు మరిచే వేళకు మాకు ఇల్లు అద్దెకిచ్చిన పై అంతస్తు ఇంటావిడ దిగొచ్చి చూసింది. తల్లి ఎలుకలు పడుతుంది కాబట్టి ఉండొచ్చట. పిల్లల్ని ఆదివారంలోగా తీసేయకపోతే గోనెసంచిలో వేయించి వంతెన అవతల వదిలేయిస్తుందట.

శుక్రవారం మామయ్య బూడిద పిల్లను జేబులో వేసుకుని దర్జీ దగ్గరికి వెళ్లాడు. దర్జీకి బూడిద రంగు గండుపిల్లి ఉంది. రెండు వైపుల పాఠం మొత్తం చెప్పి, ఇక మీరే ఆలోచించుకోండన్నాడు. దర్జీ ఆలోచించాడు. తన వాడి బిడ్డ మెట్ల కింద పడి ఉండటమేమిటని లోపలికి తీసుకున్నాడు.

శనివారం నారింజ పిల్ల వంతు. మగది. నన్నూ రమ్మన్నాడు. రొట్టెల కొట్టులో అదే రంగు గండుపిల్లి పిండి బస్తా మీద ఇంకో బస్తాలా పడుకుని ఉంది. మామయ్య పిల్లను దాని పక్కన పెట్టాడు.

"చూడండి. రంగు ఎక్కడికి పోతుంది? అచ్చం తండ్రి పోలికే."

రొట్టెలాయన చేతుల పిండి దులుపుకున్నాడు. "మా వాడు గడప దాటడే."

"ఎవరు చూడొచ్చారు," అన్నాడు మామయ్య.

రొట్టెలాయన గండుపిల్లి వంక కాసేపు చూశాడు. "అమాయకుడివనుకున్నాను కదరా," అని దాని చెవి మెలిపెట్టి, పిల్లకు పాలు పోశాడు.

దారిలో అడిగాను.

"మామయ్యా, మగపిల్లకు ఆ రంగు తల్లే ఇస్తుందన్నావు."

"అన్నాను."

"తండ్రికి చెయ్యి లేదన్నావు."

ఆయన నడక ఆగింది. ఇన్నేళ్ల పాఠం ఒకరు నిజంగా విన్నారని అప్పుడే తెలిసినట్టుంది. కొంచెం సంతోషించాడు. ఎక్కువ కంగారుపడ్డాడు.

"మంచి పిల్లవి. రొట్టెలాయనకు చెప్పకు."

మా వీధిలో ఎవరూ పిల్లిని అదిలించరు. ఎందుకో ఆ పూట తెలిసింది. ప్రతి పిల్లికీ ఏదో ఒక ఇంటితో ఆయన చుట్టరికం కలిపేశాడు. పాఠం ఒప్పుకుంటే పాఠంతో, ఒప్పుకోకపోతే అబద్ధంతో.

నల్లది మిగిలిపోయింది. దానికి తండ్రిని చూపించగల ఇళ్లు ఇక లేవు. ఆదివారం పొద్దున ఇంటావిడ గోనెసంచితో దిగేసరికి మెట్ల కింద తల్లి ఒక్కటే ఉంది. పిల్ల మా వంటింట్లో, అత్తయ్య పాదాల మీద నిద్రపోతోంది.

అత్తయ్య దాన్నీ మామయ్యనూ మార్చి మార్చి చూసింది. పెళ్లయ్యాక మొదటిసారి, తనంతట తానే అడిగింది.

"దీని తండ్రెవరు?"

మామయ్య వేళ్లకు అంటిన నల్లరంగు గుడ్డతో తుడుచుకున్నాడు. పూర్తిగా పోలేదు.

"ప్రస్తుతానికి నేనే," అన్నాడు.