పెండలం తోట తొక్కిన లుద్వినా

మా లుద్వినా నోటికి జడిసి మప్రిక్ సంతలో ఎవరూ ఆమె పక్కన వక్కల గోనె పరుచుకోరు. నేనొక్కదాన్నే కూర్చుంటాను. నా నోరూ ఏం తక్కువ కాదు కాబట్టి ఇద్దరికీ కుదిరింది. ఊళ్లో మగాళ్లను అడిగితే ఆమె గురించి ఒక్క మాటే చెబుతారు, తమ్ముడి పెండలం చెడగొట్టిన మనిషి అని. అంతేనా ఆ మనిషి బతుకు? చూడని వాళ్లు చెప్పింది చాలు, చూసినదాన్ని నేను చెబుతాను.

లుద్వినా మొగుడు కొబ్బరిచెట్టు మీంచి పడి పోయాడు. ముగ్గురు పిల్లల్లో ఇద్దరిని చలిజ్వరం ఎత్తుకుపోయింది. మిగిలింది సెరాఫిన ఒక్కతే. అదీ చిన్నప్పుడు జ్వరంతో పాలిపోయి కళ్లు తేలేస్తే, సముద్రం ఒడ్డు పట్నం నుంచి తెప్పించిన రక్తం ఎక్కించి బతికించారు. ఆ పిల్లను వెంటబెట్టుకుని సంతకొచ్చి, వక్కలు అమ్మి, ఎవరి ముందూ చెయ్యి చాపకుండా పెంచింది. పెంచి పెళ్లి చేసింది. ఆ పిల్ల తొలి కాన్పుకి ఆసుపత్రికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది, బంగారంలా ఉంది. కానీ తల్లికి రక్తం ఆగలేదు. మందులిచ్చి, ఎలాగో ఆపేసరికి ఒంట్లో మిగిలింది ఏమీ లేదు.

అక్కడి డాక్టరు కుమ్, ఎత్తు కొండల మీది మనిషి. ఆ చలిలో దోమ బతకదు. మా దగ్గరికి దిగొచ్చాక మాటిమాటికీ జ్వరంతో మంచమెక్కుతాడు, పాపం. మనిషి మాత్రం మంచివాడు. లుద్వినాని, నన్నూ వరండాలోకి పిలిచాడు.

"ఇక్కడున్న రక్తమేదీ మీ అమ్మాయికి కలవడం లేదమ్మా. ఏది కలిపినా గడ్డలు కడుతోంది" అన్నాడు.

"ఎందుకు కలవదు? మేం మనుషులం కామా?" అంది లుద్వినా.

"అది కాదమ్మా. మన ఎర్రకణాల మీద చిన్న చిన్న పిడుల్లాంటివి ఉంటాయి. మలేరియా పురుగు వాటిని పట్టుకునే లోపలికి దూరుతుంది. అందులో ఒక పిడి మీ వైపు చాలామందికి ఉండదు. తరతరాలుగా ఈ జ్వరాల్లో, అది లేనివాళ్లు కాస్త ఎక్కువ మంది బతికారేమోనని మా అనుకోలు. మీ అమ్మాయికీ లేదు. చిన్నప్పుడు ఎక్కించిన పట్నం రక్తానికి ఉన్నట్టుంది. ఆమె ఒళ్లు దాన్ని శత్రువని గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు అలాంటి రక్తమే మళ్లీ ఎక్కిస్తే, ఒళ్లు దాన్ని విరగ్గొట్టేస్తుంది. ప్రాణం మీదికొస్తుంది."

అప్పట్లో చేసిన మేలు ఇప్పుడు మెడకు చుట్టుకుందన్నమాట. లుద్వినాకి కోపమొచ్చింది.

"అంటే మా రక్తం లోపం రక్తమా?"

"లోపమంటే... ఒక ముక్క లేదు, అంతే."

"దొంగ పట్టుకోవడానికి తలుపుకి పిడి లేకపోతే లోపమంటావా నువ్వు? నీకుందిగా పిడి, అందుకే దుప్పటి కప్పుకుని మూలుగుతున్నావు!"

డాక్టరు నవ్వాడు. "సరేనమ్మా, లోపం కాదు. ఆ మాట తప్పే. అలాగని మీకు జ్వరం రాదని కాదు, పురుగుకి వేరే పిడులూ తెలుసు."

"తెలుసు నాకు. ఇద్దర్ని పాతిపెట్టాను" అంది లుద్వినా.

సెరాఫినకి మా మనుషుల రక్తమే కావాలి. అందులోనూ 'ఓ' అనే గ్రూపుదే కావాలి. లుద్వినాది వేరే గ్రూపు. నా రక్తానికి ఆ పాడు పిడి ఉందట. రక్తమిద్దామని ఊరి నుంచి ట్రక్కెక్కి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లలో ఒకతె కడుపుతో ఉంది, ఇంకొకతె ఒంట్లో రక్తం తనకే చాలదు. మగాళ్లెవరూ రాలేదు, సెరాఫిన మొగుడు కూడా. ఎందుకొస్తారు? పెండలం ఊరే కాలమది. దుంప ఎదగదని మా మగాళ్లు ఆ నెలల్లో పెళ్లాం నీడ కూడా తొక్కరు. ఇక పురిటి వాసన ఉన్న చోటికా?

అంతకుముందు మలేరియా పరిశోధన వాళ్లు మా ఊరి రక్తం పరీక్షించినప్పుడు డాక్టరు కూడా వాళ్లతో వచ్చాడు. ఇప్పుడు ఆ లెక్కలు తిరగేశాడు. "మీ తమ్ముడిది సరిపోవచ్చమ్మా. త్వరగా తీసుకురండి, కలిపి చూద్దాం" అన్నాడు.

తమ్ముడంటే బొనిఫాస్. మా ఊళ్లో పెండలం పండించే వాళ్లలో మొనగాడు. మనిషికంటే పొడుగు దుంప తీసి, దానికి ముసుగు కట్టి, పూలు పెట్టి, పెద్దల ఆత్మ పేరు పెట్టి నిలబెడతాడు. పక్క పల్లె అలోయిస్ అతనికి పోటీ. తాడుతో కొలిచినప్పుడు ఎవరిది పొట్టిదైతే వాడికి ఏడాదంతా తలవంపు. వాడితోపాటు ఊరందరికీ.

మేం వెళ్లేసరికి బొనిఫాస్ తోట కంచె లోపల ఉన్నాడు. ఆడవాళ్లు రాకూడదని కంచెకి ఎర్రాకులు కట్టి ఉన్నాయి. మమ్మల్ని చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"అక్కా, అక్కడే ఆగు. పురిటింటి నుంచి వచ్చావు."

లుద్వినా ముందు బతిమాలింది. ఆ మనిషి బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు. "నాయనా, నీ కాళ్లు పట్టుకుంటాను రా. పిల్ల చచ్చిపోతోంది. కాస్త రక్తం ఇచ్చి వచ్చెయ్."

"నా రక్తం ఆడదాని ఒంట్లోకి పోతే దుంపకి బలం ఉంటుందా? ఊరంతా దీని మీదే ఆశ పెట్టుకుంది. తవ్వేదాకా ఆగమను."

"తవ్వేదాకా ఆగితే నేను తవ్వాల్సింది గొయ్యి!"

బొనిఫాస్ కళ్లు తుడుచుకున్నాడు, అది నేను చూశాను. కానీ కదల్లేదు.

అప్పుడు లుద్వినా పరికిణీ ఎగదోపుకుని కంచె దాటింది. అమ్మో అనుకుని నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. పక్క తోటల్లోంచి మగాళ్లు కేకలు పెట్టారు. ఒకడు కర్ర ఎత్తాడు. ఆమె ఎవర్నీ చూడలేదు. ఎర్రాకులు తొక్కుకుంటూ పోయి, అన్నిటికంటే పెద్ద గుట్ట మీద, తమ్ముడు రోజూ మాటలు చెప్పి నిద్రపుచ్చే ఆ దుంప నెత్తిన, చతికిలబడింది. పరికిణీ అంచుకి సెరాఫిన రక్తం ఇంకా అంటుకునే ఉంది.

"ఇది నీ మేనకోడలి రక్తంరా! చిన్నప్పుడు దాని కాలు కత్తికి తెగితే ఏమన్నావు? పిల్ల రక్తం మేనమామ సొత్తు, నేలపాలు చేశారు, పరిహారం కట్టండి అన్నావు. దాని తండ్రి పంది ఇచ్చాడు. తిన్నావు, మూతి తుడుచుకున్నావు. నీ సొత్తు ఇప్పుడు ఆసుపత్రి నేల మీద కారిపోయిందిరా, మరి దానికి నువ్వేం కడతావు?"

బొనిఫాస్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నా తోట నాశనం చేశావే!"

"చేశాను! నీ దుంప పోయింది. ఇక ఎవరి కోసం దాచుకుంటావు నీ రక్తం? పద!"

చెయ్యి ఎత్తాడు. కొడతాడనే అనుకున్నాను. ఆమె తల వంచలేదు. అతను ఆ చెయ్యి దించి, గునపం విసిరికొట్టి, రోడ్డు మీదికి నడిచాడు. దారంతా ట్రక్కులో ఆమెకు వీపు తిప్పి కూర్చున్నాడు. ఆసుపత్రిలో అతని రక్తం కలిపి చూస్తే గడ్డ కట్టలేదు. సంచి నిండింది. సాయంత్రానికి సెరాఫిన పెదాలకి రంగొచ్చింది, బిడ్డనిమ్మని అడిగింది. బొనిఫాస్ గుమ్మం దగ్గరే నిలబడి చూసి వెళ్లిపోయాడు.

ఆ ఏడు అతని పెండలం పొట్టిదే వచ్చింది. వానలు సరిగ్గా పడలేదని నేనంటాను, మగాళ్లు ఒప్పుకోరు. దుంపలు నిలబెట్టే రోజున పెద్దలు లుద్వినాని పిలిపించారు. పంది ఇవ్వాలి, అందరి ముందూ తప్పయిందనాలి అన్నారు.

ఆమె పందిని తోలుకొచ్చింది. "ఇదిగో పంది. తప్పయిందని మాత్రం చచ్చినా అనను. రేపు మళ్లీ అవసరమొస్తే మళ్లీ తొక్కుతాను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

పెద్దలు పళ్లు కొరికారు. పెద్దల ఆత్మలకు కట్టిన ఇంటి ముందు అలోయిస్ కొలతతాడు ఊపుతూ నవ్వుతున్నాడు. "ఏం బావా, దుంప తెచ్చావా, దుంప తోక తెచ్చావా? అక్క కూర్చుంటే అణిగిపోయిందటగా!"

మా వాళ్లంతా తలలు దించుకున్నారు. బొనిఫాస్ మాత్రం ఆడవాళ్లం నిలబడ్డ అంచు దాకా వచ్చి, సెరాఫిన భుజాన వేలాడుతున్న అల్లిక సంచిలోంచి బిడ్డను తీసుకున్నాడు. మగాళ్ల మధ్య నుంచి నడుచుకుంటూ పోయి, అలోయిస్ దుంప పక్కన ఆకుల మీద పడుకోబెట్టాడు. ఆ పిల్ల రెండు కాళ్లూ గాల్లో తన్నుతోంది.

"దీని తల్లి ఒంట్లో ఉన్నది నా రక్తం. దీని నోట్లోకి పోయే పాలు ఆ రక్తంలోవే. ఈ ఏడు నేను పండించింది ఇదే" అన్నాడు. "కొలిచి చూడు, అలోయిస్."

అలోయిస్ బిడ్డ వైపు చూశాడు, తాడు వైపు చూసుకున్నాడు. తర్వాత తాడు చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

పందిని కాల్చుకుని తిన్నారు. తప్పయిందన్న మాట లుద్వినా ఇంతవరకూ అనలేదు. బొనిఫాస్ కూడా అనమని అడగలేదు.