వేడి తెలుస్తోందా?

రేపల్లెలో మా మేనత్త ఉప్పు మూటని పెనం మీద వేడిచేసి, ముందు తన చెంపకి ఆనించుకుని, ఆ తర్వాతే మామయ్య చేతికి పెట్టేది. పక్షవాతంతో పడిపోయిన చెయ్యి అది. "ఏవండీ, వేడి తెలుస్తోందా?" అనేది. "ఆఁ, తెలుస్తోంది," అనేవాడు. ఆ ఒక్క మాటతో ఆవిడ ఆ పూటకి బతికేది.

డెబ్భైల్లో, తెనాలిలో ఒక డాక్టరుగారు ఎర్ర దీపంతో కాపడం పెడుతున్నారని విని మామయ్యని రైలెక్కించింది. నేనూ వెళ్లాను.

"పట్టేసిన కండరాలకి హాయిగా ఉంటుందమ్మా. దీపం మాత్రం దూరంగానే ఉండాలి. స్పర్శ లేని చోట అసలు పెట్టకూడదు. ఈ చేతికి వేడి తెలుస్తుందా?" అన్నారు డాక్టరుగారు.

"రోజూ తెలుస్తుందండి," అంది అత్తయ్య గర్వంగా. మామయ్య తలొంచుకున్నాడు.

డాక్టరుగారు దీపం వెలిగించి పక్కగదిలోకి వెళ్లగానే అత్తయ్య ఎప్పట్లాగే అడిగింది. "కొంచెం తెలుస్తోంది," అన్నాడు. ఇంకాస్త తెలియాలని ఆవిడ దీపాన్ని దగ్గరికి జరిపింది.

చర్మం బొబ్బలెక్కుతోంది. మామయ్య కిటికీలోంచి రోడ్డు చూస్తూ, "హాయిగా ఉందే," అంటున్నాడు.

ఆ తర్వాత కూడా అత్తయ్య రోజూ ఉప్పు మూట వేడిచేసేది, చెంపకి ఆనించుకునేది, ఆ చేతికి పెట్టేది. అడగడం మాత్రం మానేసింది.