బొట్టు పెట్టిన బ్యాటరీ

ఆ రోజుల్లో సొంత లాప్‌టాప్ ఉందంటే సొంత కారు ఉన్నంత గొప్ప. ఇప్పుడు చిన్నపిల్లలు కూడా అన్నం తింటూ దాని మీద బొమ్మలు చూస్తున్నారు గానీ, అప్పట్లో బస్సులో దాని సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కవాళ్లు కాస్త జరిగి చోటిచ్చేవారు. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయిన కాలం అది. నేను ఒంగోలు నుంచి బెంగుళూరు వచ్చి, ఊరి చివర బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. ఉండేది మాత్రం ఊరి నడిబొడ్డున కబ్బన్‌పేటలో, మా నాన్నకు తెలిసిన చీరల వ్యాపారి ఇంటి మేడ మీద గదిలో. (ఆడపిల్ల తెలిసినవాళ్ల నీడన ఉండాలి, ఆఫీసు ఎంత దూరమైనా ఫరవాలేదు అన్నది మా నాన్న సిద్ధాంతం. ఆ బస్సు ఎక్కింది ఆయన కాదు కదా.) కింద పవర్‌లూములు పొద్దుటి నుంచి రాత్రి దాకా దడదడలాడుతుంటే పైన నా మంచం కూడా వాటితో పాటు చీర నేసేది. ఆ మగ్గాలనూ, పనివాళ్లనూ, భర్తనూ, చివరికి నన్నూ ఒంటి చేత్తో నడిపించే మనిషి ఇంటావిడ. అందరికీ ఓనరమ్మ, నాకు ఓనరాంటీ.

ఇక మా బాసు. ఆయన్ని మేమంతా చాటుగా 'నో టెన్షన్ సార్' అనేవాళ్లం. ఆ మాట అంటూనే ఎదుటివాళ్లకి చెమటలు పట్టించడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఫ్యాక్టరీల్లో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మాది. సొంత లాప్‌టాప్ ఉన్న పాపానికి దాన్ని కస్టమర్లకు చూపించే పని నాకు దక్కింది. ఆ వానాకాలంలో చందాపుర దగ్గర ఒక ఫ్యాక్టరీలో నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టానో లేదో కరెంటు పోయింది. కరెంటుతో పాటు నా లాప్‌టాపూ పోయింది. దాని బ్యాటరీ అప్పటికే ముసలిదైపోయి, తీగ పీకితే కాఫీ చల్లారేలోపు కన్నుమూసేది. ఆ రోజు కాఫీ రాకముందే పోయింది. ఫ్యాక్టరీ యజమాని "మా సరుకు లెక్కలు కూడా ఇట్లే మాయమవుతాయా?" అని అడిగితే అందరూ నవ్వారు. తిరిగొచ్చేటప్పుడు నో టెన్షన్ సార్ కారులో మెత్తగా చెప్పారు. "చూడమ్మా, నో టెన్షన్. దసరా అయ్యాక వాళ్లు ఇంకో చాన్స్ ఇచ్చారు. అప్పటికి బ్యాటరీ ఉంటే నువ్వు రా. లేకపోతే ఇంకొకరిని పంపిస్తా, నీ కన్ఫర్మేషన్ సంగతి తర్వాత చూద్దాం." కన్ఫర్మేషన్ కాక ఉద్యోగం పోతే మళ్లీ ఒంగోలు. ఒంగోలు అంటే మా నాన్న ముందే చూసిపెట్టిన బ్యాంకు క్లర్కు సంబంధం. కాబట్టి నా భవిష్యత్తంతా ఆ బ్యాటరీలోనే ఉంది.

వారంటీ ఇంకా కొద్దిరోజులు ఉంది కాబట్టి ధైర్యంగానే ఉన్నాను. కానీ ఈలోగా ఆయుధపూజ వచ్చింది. బెంగుళూరులో ఆ పండగ చూడనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఆ రోజు ఇనుమన్నది ఏదీ బొట్టు లేకుండా ఉండదు. మా ఇంట్లో మగ్గాలకు పసుపు, కుంకుమ, చామంతి దండలు. కుట్టుమిషనుకు, స్కూటరుకు, మిక్సీకి, ఇస్త్రీపెట్టెకు, కత్తెరకు కూడా. నేను మెట్లు దిగి వస్తుంటే ఓనరాంటీ నా సంచీ చూసింది.

"పాపా, నీ మిషనేది? అది మాత్రం ఏం పాపం చేసినాది, ఈడ పెట్టు."

"ఆంటీ, దానికి బ్యాటరీ బాగాలేదు. సర్వీసుకి ఇవ్వాలి."

"జబ్బు చేసినదానికే కదా ముందు పూజ చెయ్యాల్సింది. ఆ జబ్బు చేసిన భాగం పీకు, దానికి వేరేగా పెడతా."

పీకాను. ఆవిడ ఆ బ్యాటరీని తమలపాకు మీద పడుకోబెట్టి, తడి పసుపు రాసి, దండిగా కుంకుమ అద్ది, అక్షింతలు చల్లి, మిక్సీకీ ఇస్త్రీపెట్టెకూ మధ్య దానికీ హారతి ఇచ్చింది. స్కూటరులాగా దాన్ని కూడా నిమ్మకాయ మీదుగా పోనిద్దామంటే ఆపేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

పండగ అయ్యాక నాకు సిగ్గు పట్టుకుంది. అద్దాల సర్వీసు సెంటరుకు, టైలు కట్టుకున్నవాళ్ల ముందుకు, పెళ్లికూతురులా ముస్తాబైన బ్యాటరీని తీసుకెళ్లడమా? అందుకని తడిగుడ్డ తీసుకుని బాగా తుడిచాను. చదువుకున్నదాన్ని కదా, బాగా అంటే బాగానే తుడిచాను. బయట ఉన్న కుంకుమంతా కరిగి, చిక్కటి లేహ్యమై, నేరుగా ఆ బంగారు రంగు పిన్నుల సందుల్లోకి పోయింది.

కౌంటరులో టై కట్టుకున్న ఆయన బ్యాటరీని తిరగేసి చూసి ఇంగ్లీషులో తేల్చేశాడు. "ఫారిన్ సబ్‌స్టెన్స్, మేడమ్. పిన్నులు డ్యామేజ్. వారంటీ వర్తించదు." అప్పుడు నేను ఏం చేశానంటే... చెప్పాలంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "ఓకే, థాంక్యూ" అని బయటికి వచ్చేశాను. నన్ను ఉద్యోగం నుంచి ఊడగొట్టబోయే మనిషికి నేను చెప్పిన కృతజ్ఞత అది.

సాయంత్రం ఓనరాంటీకి విషయం చెప్పాను. తడిగుడ్డ సంగతి మింగేద్దామనుకున్నాను గానీ ఆవిడ ముందు ఏదీ మింగుడుపడదు, అదీ చెప్పేశాను. ఆవిడకు దాని మీద కోపం రాలేదు. "కుంకుమ వల్ల చెడిపోయిందన్నాడా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. మర్నాడు పొద్దున మగ్గం ఆపేసి, పట్టుచీర కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నడువు. ఇన్నేండ్లుగా బొట్టు పెట్టుకొని ఆడతా ఉండాయి మా మగ్గాలు. వానిదేమి కొత్త శాస్త్రమో చూస్తాం."

ఆటోలో నేను ఆవిడను బతిమాలుతూనే ఉన్నాను, అక్కడ గొడవ వద్దని. సర్వీసు సెంటరు గుమ్మం దగ్గర దిగగానే ఆవిడ చెయ్యి చూపించింది. నేను నిన్న తలవంచుకుని పోవడంలో చూడలేదు. గుమ్మంలో బూడిదగుమ్మడికాయ పగలగొట్టిన ఎర్రటి మరక ఇంకా పోలేదు. తలుపుకు అటూ ఇటూ అరటి మొక్కలు వాడిపోయి వేలాడుతున్నాయి. లోపల టై ఆయన కంప్యూటరు నుదుటన రూపాయి బిళ్లంత కుంకుమ, మూల నిలబెట్టిన యూపీఎస్‌కు చామంతి దండ.

ఓనరాంటీ వరుసను దాటి నేరుగా కౌంటరు ముందు నిలబడింది. "ఏమప్పా, నీది ఏ ఊరు?"

టై ఆయన ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఆవిడ ముఖం చూసి దిగొచ్చాడు. "కోలారమ్మా."

"అట్లయితే తెలుగు వస్తాది కదా. ఈ బొట్టు ఎవరు పెట్టినారు?"

"పండక్కి మేమే పెట్టినామమ్మా."

"పని చేస్తా ఉండాదా?"

"చేస్తా ఉంది. కానీ ఇది పైన పెట్టింది. మీది లోపల పిన్నుల్లోకి పోయింది. రూలు ప్రకారం..."

ఆయన మాటలో న్యాయం ఉంది. నాకు తెలుసు, ఆ పిన్నుల్లోకి తోసింది నేనే. కానీ ఓనరాంటీ వెనక్కి తగ్గే మనిషి కాదు. "పోయిందే అనుకో. ఆ బ్యాటరీ చచ్చింది వానల్లో. మేము బొట్టు పెట్టినాది దసరాకు. చచ్చినోనికి బొట్టు పెడితే, బొట్టు పెట్టినందుకే చచ్చినాడంటావా? ఎక్కడి న్యాయమప్పా ఇది?"

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు విన్నాక నాలో ఏదో కదిలింది. చందాపురలో నన్ను చూసి నవ్వారు. ఈసారి నవ్వు నా వైపు ఉంది. అంతే, నిన్న థాంక్యూ చెప్పిన నోటితోనే గట్టిగా అన్నాను. "పిన్నులు మీరే శుభ్రం చెయ్యండి. మీరే పెట్టండి. ఆ తర్వాత నా పని చేసుకునేంతసేపు బతికితే నోరు మూసుకుని తీసుకుపోతాను. చస్తే కొత్తది ఇవ్వండి. అప్పటిదాకా నేను ఇక్కడి నుంచి కదలను."

మేనేజరు బయటికి వచ్చాడు. జనం చూస్తున్నారు కాబట్టి సరేనన్నాడు. పిన్నులను స్పిరిట్‌తో తుడిచి, బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి, తీగ పీకేశారు. తెర చక్కగా వెలిగింది. నెలల తరబడి 'బతుకు తల్లీ' అని బతిమాలిన లాప్‌టాప్‌ను ఆ రోజు 'చావు తల్లీ' అని వేడుకున్నాను. నా ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్ తెరిచాను, సరుకుల పట్టిక వచ్చింది. టై ఆయన ముఖంలో చిరునవ్వు కూడా వచ్చింది. పక్కన ఓనరాంటీ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది. తర్వాత పేజీ కోసం నేను మీట నొక్కాను. తెర నల్లబడింది.

"పోయింది" అన్నాడు వరుసలో ఒక పెద్దమనిషి, శవం దగ్గర చెప్పినట్టు మెల్లగా.

మేనేజరు కొత్త బ్యాటరీ తెప్పించాడు. టై ఆయన దాన్ని నా చేతికిస్తూ, "దీనికి మాత్రం పూజలు చెయ్యకండమ్మా" అన్నాడు. ఓనరాంటీ చేతిసంచీలోంచి కుంకుమ పొట్లం తీసి, ఆ కౌంటరు మీదే, ఆయన కళ్లెదుటే, ఆ కొత్త బ్యాటరీకి బొట్టు పెట్టింది. కాకపోతే పిన్నులకు దూరంగా, ఒక మూలగా పెట్టింది.

ఆటోలో అడిగాను, "ఆంటీ, అక్కడ ఏం మొక్కుకున్నారు?" అని.

"ఏముండాది, అది చచ్చిపోవాలని. బతకాలని పూజ చేసినాను, వినలేదు. ఇదన్నా వినమని గట్టిగా అడిగినా."

ఆ తర్వాత చందాపురలో మళ్లీ కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, నో టెన్షన్ సార్ ఊపిరి ఆగింది, నేను మాత్రం ఆగలేదు. చీకటి గదిలో వెలుగుతున్నది నా తెర ఒక్కటే. ఎవరూ నవ్వలేదు. ఉద్యోగం ఖాయమైంది, బ్యాంకు క్లర్కుకు వేరే పిల్లతో పెళ్లయింది, ఇద్దరం సుఖంగానే ఉన్నాం.

కబ్బన్‌పేట ఇంట్లో ఇప్పుడు మగ్గాలు లేవు. ఓనరాంటీ సర్జాపుర రోడ్డులో కొడుకు ఫ్లాటుకు మారింది. అక్కడ లిఫ్టుకు బొట్టు పెట్టి అసోసియేషన్‌తో పోట్లాడుతోందని విన్నాను, కడుపు నిండింది. ఇప్పటి లాప్‌టాపుల్లో బ్యాటరీ పీకడానికి రాదు కాబట్టి ఆయుధపూజ నాడు నేను మూతకే ఒక చుక్క పెడతాను. మొన్న పండగయ్యాక పెద్ద మీటింగులో పక్కనున్న కుర్రాడు, "మేడమ్, మీ లాప్‌టాప్ మీద ఏదో ఎర్రగా అంటుకుంది" అని మర్యాదగా టిష్యూ అందించాడు. అలవాటుగా "ఓకే, థాంక్యూ" అనేశాను. టిష్యూ తీసుకున్నాను కూడా. ఇంతలో తడిగుడ్డతో రుద్దుతున్న ఆ ఒంగోలు పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ టిష్యూతో కళ్లజోడు తుడుచుకుని, బొట్టు అందరికీ కనబడేలా మూత కొంచెం అటు తిప్పి కూర్చున్నాను.